ఉపగ్రహము పంపిన బొమ్మ: కుదింపులో పోయినదేమి?

సాయంకాలము. ఇంటిల్లిపాదియు టెలివిజను ముందు కూర్చుండి క్రికెట్ ఆట చూచుచున్నారు. దెబ్బ తగిలిన బంతి సరిహద్దు వైపు పరుగెత్తును. దానిని వెంబడించి కెమెరా గిరుక్కున తిరుగును. ఆ క్షణమున పచ్చిక యంతయు తడిగుడ్డతో అలికినట్లగును. ప్రేక్షకుల ముఖములు చిన్న చిన్న గళ్ళుగా మారును. కెమెరా నిలువగానే పచ్చిక మరల పచ్చికయగును.

ఇట్లు జరిగినపుడు ఇంటి యజమాని మొదట మేడయెక్కి డిష్‌ను కదపి చూచును. ప్రయోజనము లేకున్న మెకానిక్కును పిలుచును. చివరకు సెట్టు పాతబడినదని నిశ్చయించుకొని పెద్ద తెర గల కొత్త సెట్టును కొనును. కొత్త సెట్టులో ఆ గళ్ళు మరింత పెద్దవిగా కనబడును! నిజమునకు దోషము డిష్‌లో లేదు, సెట్టులో లేదు, ఆకాశములోనూ లేదు. బొమ్మ భూమినుండి బయలుదేరక ముందే, దానిని కుదించిన చోట ఉన్నది. ఈ కుదింపు ఎందుకు అవసరమైనది, అది ఎట్లు జరుగును, అందులో మనము పోగొట్టుకొనునది ఏమి అను సంగతులను ఈ వ్యాసమున తెలిసికొందము.

ఒక్క సెకనుకు ఎన్ని అంకెలు?

టెలివిజను తెరపై కనబడు బొమ్మ చిన్న చిన్న బిందువుల కూర్పు. మన దేశమున సాధారణ ప్రసారములలో ఒక బొమ్మకు అడ్డముగా 720, నిలువుగా 576 బిందువులు ఉండును. అనగా మొత్తము 4 లక్షల 14 వేల 720 బిందువులు. ప్రతి బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల పాళ్ళు చెప్పవలెను. ఒక్కొక్క పాలు చెప్పుటకు ఎనిమిది బిట్లు కావలెను. 0 లేక 1 అను ఒక్క అంకెనే బిట్టు అందురు. కావున బిందువునకు 24 బిట్లు, బొమ్మకు రమారమి ఒక కోటి బిట్లు అయినవి. సెకనుకు 25 బొమ్మలు పంపిన గాని కదలిక సహజముగా కనబడదు. లెక్కకట్టి చూడగా సెకనుకు 24 కోట్ల 88 లక్షల బిట్లు తేలును. హెచ్.డి. అను సూక్ష్మచిత్రములో అడ్డము 1920, నిలువు 1080 బిందువులు ఉండుటచే ఈ సంఖ్య 124 కోట్లు దాటును.

ఇక మార్గము సంగతి చూతము. ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండి, భూమితోపాటు తిరుగుచు, మనకు ఒకేచోట నిలిచినట్లు తోచును. భూమినుండి వచ్చిన సంకేతమును అందుకొని, బలపరచి, తిరిగి భూమిపైకి పంపు పరికరమును ట్రాన్స్‌పాండరు అందురు. ఒక్కొక్క ఉపగ్రహములో ఇట్టివి కొన్ని మాత్రమే ఉండును. డి.టి.హెచ్. ప్రసారములలో మొదట వాడుకలోనికి వచ్చిన పద్ధతిలో, చాల చోట్ల అమలైన అమరిక ప్రకారము, ఒక ట్రాన్స్‌పాండరు సెకనుకు దాదాపు 3 కోట్ల 80 లక్షల ఉపయోగకరమైన బిట్లను మోయగలదు.

పాఠకులు ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూతురుగాక. బొమ్మకు 25 కోట్లు కావలెను. మార్గము 4 కోట్లైనను పట్టదు. యథాతథముగా పంపదలచిన యెడల ఒక్క చానలునకే ఏడు ట్రాన్స్‌పాండర్లు కావలెను. అయినను అదే ట్రాన్స్‌పాండరుపై పది చానళ్ళు నడచుచున్నవి. అనగా ప్రతి బొమ్మయు అరువది రెట్లకు పైగా కుదింపబడి మన యింటికి వచ్చుచున్నదన్నమాట.

కుదింపు లేని కాలము

ఉపగ్రహ టెలివిజను మన దేశమునకు వచ్చినపుడు ఈ కుదింపు లేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహము సహాయముతో ‘సైట్’ అను ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలో దాదాపు 2,400 గ్రామములకు ప్రసారములు అందినవి. పది అడుగుల వ్యాసము గల తీగెవల గొడుగును పాఠశాల వద్దనో పంచాయతీ కార్యాలయము వద్దనో నిలిపి, గ్రామస్థులందరును ఒక్క సెట్టు ముందు కూర్చుండి తెలుగు కార్యక్రమములు చూచిరి.

ఆ పద్ధతిలో బొమ్మలోని వెలుగు హెచ్చుతగ్గుల ననుసరించి తరంగమును ఎడతెగక మార్చుచుండెడివారు. సంకేతము బలహీనమైనపుడు తెరపై చుక్కలు రాలెడివి, బొమ్మ క్రమముగా మసకబారెడిది. కాని హఠాత్తుగా ముక్కలయ్యెడిది కాదు. ఒక ట్రాన్స్‌పాండరు ఒక చానలునకే సరిపోయెడిది. వందలకొలది చానళ్ళు ప్రజలకు అందవలెనన్న ఈ మార్గము పనికిరాదని స్పష్టమే. బొమ్మను అంకెలుగా మార్చి, ఆ అంకెలను కుదించుట తప్పనిసరియైనది. 1994లో అమెరికాలో అంకెల పద్ధతి ఉపగ్రహ ప్రసారములు ఇండ్లకు చేరనారంభించినవి. మన దేశమున 2003లో మొదటి డి.టి.హెచ్. సేవయు, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి ఉచిత సేవయు మొదలైనవి.

కంటికి తెలియనిది విడిచివేయుట

కుదింపులో మొదటి మెట్టు కంటి స్వభావమునుబట్టి వేసినది. మానవుని నేత్రము వెలుగునీడల భేదమును గుర్తించినంత సూక్ష్మముగా రంగుల భేదమును గుర్తింపలేదు. దూరమున ఆరవేసిన చీరపై సన్నని గీతలను మనము చూచునది ముఖ్యముగా వాటి వెలుగునీడల వలననే. అందుచే ప్రతి బిందువునకు వెలుగును పూర్తిగా ఉంచి, రంగును మాత్రము నాలుగు బిందువులకు ఒకమారు చెప్పుదురు. ఈ ఒక్క ఉపాయముతో 24 బిట్లు చేయు పని 12 బిట్లతో నెరవేరును. సగము బరువు తగ్గినది. చూచువారికి సామాన్యముగా తెలియనైన తెలియదు.

రెండవ మెట్టు ఇంతకన్న లోతైనది. బొమ్మను అడ్డము ఎనిమిది, నిలువు ఎనిమిది బిందువులు గల చిన్న గళ్ళుగా విభజింతురు. గడికి 64 బిందువులు. ఈ 64 సంఖ్యలను అట్లే పంపక, వాటిని మరియొక రూపములోనికి మార్చుదురు. తంబురా నాదమును వినునపుడు చెవికి ఒకే ధ్వనిగా తోచినను అందులో ఒక మూలస్వరము, దానిపై సన్నని అనుస్వరములు కలిసి ఉండును గదా! అట్లే ప్రతి గడిని ‘సగటు వెలుగు ఇంత, మందమైన హెచ్చుతగ్గులు ఇంత, సన్నని హెచ్చుతగ్గులు ఇంత’ అని 64 భాగములుగా విడదీయవచ్చును. ఆకాశము, గోడ, బుగ్గ వంటి నునుపైన చోట్ల సన్నని భాగములు దాదాపు సున్నలే.

ఈ గణితమునకు విచ్ఛిన్న కోసైన్ రూపాంతరము అని పేరు. దీనికి మూలపురుషుడు బెంగుళూరున జన్మించిన నాసిర్ అహమ్మద్. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున పనిచేయుచు, 1972లో ఈ విషయముపై పరిశోధనకు అచ్చటి జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానమును ధనసహాయము కోరగా, వారు ఇయ్యలేదు. పరిశీలకులలో ఒకరికి ఈ ఆలోచన మరీ తేలికగా తోచినదట! అయినను ఆయన విడువక, 1973 వేసవిలో జీతము లేకయే పనిచేసి దానిని సాధించెను. తన విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు కామిశెట్టి రామమోహనరావు గార్లతో కలిసి 1974 జనవరిలో ప్రకటించిన ఆ చిన్న వ్యాసము ప్రపంచమున బొమ్మల కుదింపునకు పునాదియైనది. మన సెల్‌ఫోనులోని ఛాయాచిత్రములలో అధికభాగము నేటికిని ఆ లెక్కతోనే నిలువ చేయబడుచున్నవి.

ఒక సంగతి ఇచట గమనింపవలెను. రూపాంతరము వలన ఏమియు పోదు. 64 సంఖ్యలు 64గానే ఉండును. పోవునది తరువాతి మెట్టులో. పెద్ద మొత్తముల లెక్క చూచునపుడు వర్తకుడు పైసలు విడిచి రూపాయలే వ్రాసికొనును గదా! అట్లే ఈ 64 సంఖ్యలను సవరించి వ్రాయుదురు. సగటు వెలుగును జాగ్రత్తగాను, సన్నని భాగములను మోటుగాను సవరింతురు. సన్నని భాగములలో చాల వరకు సున్నలై పోవును. వరుసగా వచ్చు సున్నలను ‘ఇన్ని సున్నలు’ అని ఒక్కమాటలో చెప్పవచ్చును. బరువు తగ్గునది ఇచట. బొమ్మ చెడునదియు ఇచటనే.

సవరణ మితముగా ఉన్న కంటికి తెలియదు. బిట్లు చాలనపుడు సవరణను మోటు చేయవలసి వచ్చును. మొదట పచ్చికలోని గడ్డిపోచలు, వస్త్రములోని నేత, ముఖముపై ముడతలు మాయమగును. అక్షరముల అంచులచుట్టు దోమలు ముసిరినట్లు రవ్వలు కనబడును. వార్తల చానళ్ళలో తెర అడుగున పరుగెత్తు వరుసను దగ్గరగా చూచిన ఇది తెలియును. సవరణ మరింత మోటైన యెడల గడిలో సగటు వెలుగు ఒక్కటే మిగులును. అపుడు ప్రతి గడియు ఒకే వన్నె గల పలకగా మారి, బొమ్మ గచ్చుపై పరచిన పలకల వలె కనబడును. మన క్రికెట్ మైదానము గళ్ళుగా మారుటకు కారణమిదియే.

మారినదానినే చెప్పుట

ఇంతవరకు ఒక్కొక్క బొమ్మను విడిగా చూచితిమి. వార్తలు చదువు వ్యక్తి వెనుకనున్న గోడ సెకనుకు 25 మార్లు అట్లే ఉండును. దానిని 25 మార్లు పంపుట వ్యర్థము. కావున దాదాపు అర సెకనుకు ఒకమారు మాత్రము పూర్తి బొమ్మను పంపి, నడుమ బొమ్మలలో మారిన భాగమునే చెప్పుదురు. కారు కదలినయెడల దానిని మరల చిత్రింపక, ‘ఈ ముక్క గడచిన బొమ్మలోనిదే, ఇన్ని బిందువులు కుడికి జరిగినది’ అని చెప్పిన చాలును. సెట్‌టాప్ బాక్సు ఆ సూచన ప్రకారము బొమ్మను తిరిగి అల్లుకొనును. కావున మనము తెరపై చూచునది స్టూడియోనుండి వచ్చిన బొమ్మ కాదు. సూచనలనుబట్టి మన యింటిలో మరల గీయబడిన బొమ్మ.

చానలు మార్చినపుడు క్షణకాలము తెర నల్లగా ఉండుటకు ఒక కారణము ఇందులోనే కలదు. పెట్టె తరువాతి పూర్తి బొమ్మ వచ్చువరకు వేచియుండవలెను. ముందు రానున్న బొమ్మను చూచి వెనుకటి బొమ్మను ఊహించు పద్ధతియు ఉన్నది. దానికొరకు బొమ్మలను వరుస మార్చి పంపవలెను గాన కొంత ఆలస్యమగును. పొరుగింటివారు ‘సిక్సర్!’ అని కేకవేసిన తరువాత గాని మన తెరపై బంతి లేవకుండుట ఎరుగని వారెవరు? ఇద్దరి సేవలలోను ఈ ఆలస్యము సమానముగా ఉండదు.

ఈ ఊహ చాల చోట్ల ఫలించును. కొన్ని చోట్ల బొత్తిగా ఫలింపదు. అలలు లేచు నీరు, గాలికి ఊగు చెట్లు, కిక్కిరిసిన జనము, ఫోటోల మెరుపులు, రాలు పూలరేకులు — వీటి కదలికను ఊహించుట అసాధ్యము. పుష్కరముల ప్రత్యక్ష ప్రసారమును జ్ఞాపకము చేసికొనుడు. నదియు కదలును, జనమును కదలును. ప్రతి క్షణము అంతయు కొత్తదే. ఇట్టి బొమ్మకు వార్తల బొమ్మకన్న ఎన్నో రెట్లు బిట్లు కావలెను. అవి దొరకనిచో అది అలికిపోవును.

కాలువ నీటి వంతులు

ఇక అసలు ప్రశ్న: బిట్లు ఎందుకు దొరకవు? ట్రాన్స్‌పాండరును ఒక కాలువగా భావింపుడు. నీరు సెకనుకు 3 కోట్ల 80 లక్షలు. దానిక్రింద పదిమంది రైతులున్నారు. అందరికి సమానముగా పంచిన ఒక్కొక్కరికి 38 లక్షలు. మొదటి కుదింపు పద్ధతిలో సంభాషణలు గల నాటకమునకు ఇది చాలును. క్రికెట్ ఆటకు చాలదు. అందుచే నిపుణులు వంతులను క్షణక్షణము మార్చు ఏర్పాటు చేసిరి. వార్తల చానలులో గోడ కదలనపుడు దాని వంతులో మిగిలినదానిని ఆట చానలునకు మళ్ళింతురు. అందరికి ఒకేమారు దాహము కలుగదను నమ్మకముపై ఈ ఏర్పాటు నడచును.

కాని అదే కాలువక్రింద పదునైదుగురిని, ఇరువదిమందిని చేర్చిన యెడల? మిగులు ఉండదు. కాలువ చివరి రైతు పొలము ఎండినట్లు, కష్టమైన బొమ్మ చెడును. చానళ్ళ సంఖ్యను ప్రకటనలలో చెప్పుకొందురు. ఒక్కొక్క చానలునకు ఇచ్చిన బిట్ల సంఖ్యను ఎవరును చెప్పరు. నాణ్యతను నిర్ణయించునది మాత్రము ఈ రెండవ సంఖ్యయే. హెచ్.డి. అను పేరు బిందువుల సంఖ్యను తెలుపును గాని ఆ బిందువులకు తగినన్ని బిట్లు ఇచ్చినారో లేదో తెలుపదు. బిట్లు చాలని హెచ్.డి. బొమ్మ, పుష్టిగా పంపిన సాధారణ బొమ్మకన్న అధ్వాన్నముగా కనబడవచ్చును.

మరియొక నష్టము కలదు. సంఘటన స్థలమున వాహనములో బొమ్మను ఒకమారు కుదింతురు. స్టూడియోలో విప్పి, కూర్చి, మరల కుదించి ఉపగ్రహమునకు పంపుదురు. డి.టి.హెచ్. వారు దానిని అందుకొని, విప్పి, తమ కాలువకు తగినట్లు ఇంకొకమారు కుదింతురు. నకలుకు నకలు తీసిన పత్రము వలె ప్రతి మారును కొంత పోవును. పోయినది ఎంత మంచి సెట్టు కొన్నను తిరిగి రాదు.

వాన దోషము వేరు, కుదింపు దోషము వేరు

గళ్ళన్నియు కుదింపు వలననే అని అనుకొనరాదు. డి.టి.హెచ్. ప్రసారములు సుమారు 11, 12 గిగాహెర్ట్జుల వద్ద నడచును. తరంగము పొడవు రెండున్నర సెంటీమీటర్లకు కొంచెము అటునిటు. వానచినుకులు ఇట్టి తరంగములను పీల్చుకొని, చెదరగొట్టును. అందుకే దట్టమైన వాన కురియునపుడు బొమ్మ పోవును. కేబులు వారి పెద్ద గొడుగులు అందుకొను 4 గిగాహెర్ట్జుల తరంగములు ఏడున్నర సెంటీమీటర్ల పొడవు గలవి గాన వాటికి ఈ బాధ తక్కువ.

దీనిని ఎదుర్కొనుటకు బిట్లకు కాపలా పెట్టుదురు. పైన చెప్పిన అమరికలో ట్రాన్స్‌పాండరు నిజమునకు సెకనుకు 5 కోట్ల 50 లక్షల బిట్లు మోయును. అందులో నాలుగవ వంతు తప్పులు దిద్దు కాపలాకే పోవును. అదిగాక ప్రతి 188 అక్షరాంశములకు మరి 16 జతచేసి, వాటిలో ఎనిమిది వరకు చెడినను సరిదిద్దుదురు. ఇవన్నియు పోగా మిగిలినవే మన 3 కోట్ల 80 లక్షలు. వాన కొంత ఉన్నను కాపలా పనిచేయునంతవరకు బొమ్మ చెక్కుచెదరదు. కాపలా ఓడిన మరుక్షణమున ఒక్కమారుగా కుప్పకూలును. పాత పద్ధతిలోవలె మసకబారు మధ్యదశ ఉండదు.

కావున గుర్తుపట్టుట సులభము. బొమ్మ స్తంభించుట, ముక్కలు తమ చోటు తప్పి వేరొక చోట కనబడుట, రంగుల చారలు పడుట, మాట తెగుట — ఇవి సంకేతలోపమునకు గుర్తులు. వాన, కదలిన డిష్, వదులైన తీగె దీనికి కారణములు. ఆకాశము నిర్మలముగా ఉన్నను, మాట చక్కగా వినబడుచు, వేగముగా కదలు దృశ్యములలోనే గళ్ళు ఏర్పడి, బొమ్మ నిలువగానే సర్దుకొనినచో అది కుదింపు దోషము. సందేహమున్న సెట్‌టాప్ బాక్సులో సంకేతము నాణ్యతను చూపు పట్టీని తెరచి చూడవలెను. ఆ పట్టీ నిండుగా ఉండగా క్రికెట్ మైదానము అలికిపోవుచున్నచో మేడయెక్కుట వృథాశ్రమ. అదే సమయమున అదే సేవ గల పొరుగింటిలోను అదే గడి కనబడును.

ముందేమి?

కుదింపు విద్య నిలిచియుండలేదు. 1990 తరువాతి సంవత్సరములలో వచ్చిన ఎంపెగ్-2 పద్ధతిలో సాధించిన నాణ్యతను 2003లో వెలువడిన హెచ్.264 పద్ధతి దాదాపు సగము బిట్లతో సాధించినది. 2013లో వచ్చిన హెచ్.265 దానిని మరల దాదాపు సగము చేసినది. ఉపగ్రహ మార్గమునకు వచ్చిన రెండవ తరము పద్ధతి అదే ట్రాన్స్‌పాండరుపై రమారమి 30 శాతము ఎక్కువ బిట్లను పంపగలదు. ఈ లాభమును రెండు విధముల వాడవచ్చును: ఉన్న చానళ్ళ బొమ్మను మెరుగుపరచుట ఒకటి, అదే బొమ్మతో చానళ్ళను పెంచుట మరియొకటి. ఏది ఎన్నుకొనవలెనో గణితము చెప్పదు, మనుష్యులు నిర్ణయింతురు.

నాణ్యతను కొలుచుటకు యంత్రములు కలవు. అయినను నేటికిని తుది తీర్పు మనుష్యుల కంటిదే. అంతర్జాతీయ సంఘము నిర్ణయించిన పరీక్షలో సామాన్య ప్రేక్షకులను కూర్చుండబెట్టి, బొమ్మలు చూపి, ‘చాల బాగు’ మొదలు ‘చెడ్డది’ వరకు ఐదు తరగతులలో మార్కులు వేయింతురు. గది వెలుతురు, తెరకు ఎంత దూరమున కూర్చుండవలెననునది కూడ నియమింపబడియుండును. అనగా మన కన్ను చెప్పు సాక్ష్యమునకు శాస్త్రములో చోటున్నది. బొమ్మ బాగుగా లేదని తోచినపుడు, దోషము ఎక్కడ ఉన్నదో తెలిసికొని అడుగు ప్రేక్షకునికి సమాధానము చెప్పక తప్పదు. తెలియక అడుగువానికి మాత్రము కొత్త సెట్టు కొనుమను సలహాయే మిగులును.